జన్యువూ ఆకలీ: ఒక చారిత్రక పరిశీలన

1

అమీర్‌పేటలోని మా కళాశాలలో ఆ రోజు ఆదిపర్వం పాఠం జరుగుతున్నది. కుమారాస్త్రవిద్యాప్రదర్శన ఘట్టం. అర్జునునికి దీటుగా విల్లు పట్టి నిలిచిన కర్ణుణ్ణి కృపాచార్యుడు కులమేమిటని అడుగుతాడు. ఆ ప్రశ్నకు కర్ణుని దగ్గర జవాబు లేదు. ఇక్కడ ఒక విద్యార్థి లేచి, "సూతుని యింట పెరిగినా విలువిద్య అబ్బింది కదండీ, రక్తం ఎక్కడికి పోతుంది? దాన్నే ఇప్పుడు జన్యువులంటున్నారు" అన్నాడు. వెనక బెంచీలో కూర్చునే మరొక విద్యార్థి, విద్యార్థి సంఘంలో చురుకుగా పనిచేసేవాడు, వూరుకోలేకపోయాడు. "జన్యువుల కాలం పోయింది. ఎపిజెనెటిక్స్ వచ్చింది. అన్నిటినీ పరిసరాలే నిర్ణయిస్తాయని తేలిపోయింది. చివరికి లైసెంకో చెప్పిందే నిజమయింది" అన్నాడు. ఇంతలో గంట కొట్టారు.

నిజం చెప్పాలంటే ఆ గంట నన్ను కాపాడింది. నేను చదువుకున్నది తెలుగు సాహిత్యం. మొదటి విద్యార్థికి జవాబు చెప్పగలననిపించింది గాని, రెండోవానికి ఏం చెప్పాలో తోచలేదు. అతను మనవాడు. అతని కోరిక మన కోరికే. మానవుని భవిష్యత్తు పుట్టుకలో లేదనీ, బతుకు పరిస్థితులు మారితే మనిషి మారతాడనీ నమ్మినవాళ్లం మనం. అయితే మన కోరిక వేరు, రుజువు వేరు. ఈ రెంటినీ కలిపివేసినందుకు ఒకప్పుడు అభ్యుదయ ప్రపంచం ఎంత మూల్యం చెల్లించిందో తెలుసుకోకుండా ఆ విద్యార్థికి జవాబు చెప్పలేము. తరవాత కొన్ని నెలలు నేను చదివిన చదువు ఫలితమే ఈ వ్యాసం.

2

మొదటి విద్యార్థి మాట పాతదే. "పులి కడుపున పిల్లి పుడుతుందా" అనే సామెతలో వున్న తాత్పర్యమే అది. బ్రహ్మ నుదుట రాసిన రాత పోయి కణంలో రాసిన రాత వచ్చింది. రాసేవాడు మారాడుగాని రాతకు లోబడి వుండమనే ఉపదేశం మారలేదు.

పంజగుట్ట చౌరస్తా నుంచి బంజారా హిల్స్ మీదికి పోయే తోవలో ఒక ప్రకటన చూశాను. పిల్లవాని ఉమ్మి పరీక్షించి వాడు ఏ విద్యలో రాణిస్తాడో చెబుతారట. ఆ కొండల మీద ఒకనాడు తండాలు వేసుకున్న లంబాడీల పేరు మాత్రమే దానికి మిగిలింది. వారి బిడ్డలు ఇవాళ ఆ బంగళాల్లో ఎక్కువగా కనిపించేది పనివాళ్లుగానే. కొండ కింద అమీర్‌పేట హాస్టళ్లలో పల్లెల నుంచి వచ్చిన కుర్రవాళ్లు ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు చొప్పున సర్దుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నారు. పైన వున్నవారికి తమ ఎత్తుకు కారణం కావాలి. ఆ కారణం భూమిలోనూ పెట్టుబడిలోనూ గాక నెత్తుటిలో వున్నదని ఎవరైనా చెబితే వారి మనసుకు హాయిగా వుంటుంది.

జన్యుశాస్త్రం చరిత్రలో ఈ దుర్వినియోగం చిన్నదేమీ కాదు. మెండెల్ బఠాణీ మొక్కల మీద చేసిన ప్రయోగాలు 1866లో అచ్చయి, 1900లో తిరిగి వెలుగులోకి వచ్చాయి. అప్పటినుంచి నలభై ఏళ్లు తిరక్కముందే "మేలుజాతి" పేరిట అమెరికాలో బీదలకు బలవంతపు గొడ్డుమోతు శస్త్రచికిత్సలు జరిగాయి. 1933లో నాజీలు దాన్నే చట్టం చేశారు. చెప్పవలసిన మరొక సంగతి కూడా వున్నది. ఈ "శుద్ధ రక్తం" భావాన్ని దెబ్బతీసిన పరిశోధనల్లో మన నగరంలో జరిగినవీ వున్నాయి. ఇక్కడి సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్, తంగరాజ్ మొదలైనవారు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన ప్రకారం భారతదేశంలో దాదాపు అన్ని కులాలూ తెగలూ ప్రాచీన జన సమూహాల కలయిక వల్ల ఏర్పడినవే. కల్తీ లేని రక్తం ఏ అగ్రహారంలోనూ లేదు.

3

ఇక రెండో విద్యార్థి మాట.

జన్యుశాస్త్రాన్ని జాతి దురహంకారులు కైవసం చేసుకున్న కాలంలో దాని మీద సోషలిస్టులకు అనుమానం కలగటం సహజమే. ఆ అనుమానాన్ని పెట్టుబడిగా చేసుకుని ఎదిగినవాడు లైసెంకో. గోధుమ విత్తులను చలిలో వుంచి, మొక్క స్వభావాన్ని మార్చవచ్చుననీ, ఆ మార్పు తరతరాలకూ సంక్రమిస్తుందనీ అతను చెప్పాడు. జన్యువు అనేదే బూర్జువా కల్పన అన్నాడు. అతన్ని శాస్త్రీయంగా వ్యతిరేకించిన నికొలాయ్ వవిలోవ్ ప్రపంచమంతటా తిరిగి పంటల విత్తనాలను సేకరించిన మహాశాస్త్రవేత్త. 1940 ఆగస్టులో ఆయనను అరెస్టు చేశారు. 1943 జనవరి 26న ఆయన సరాతోవ్ జైలులో మరణించాడు. ప్రజలకు ఎక్కువ తిండి పండించటానికే జీవితం ధారపోసిన మనిషి జైలులో తిండి లేక చిక్కి శల్యమై పోయాడు. 1948 జూలై 31 నుంచి ఆగస్టు 7 వరకు జరిగిన వ్యవసాయ శాస్త్రాల అకాడమీ సమావేశంలో లైసెంకో తన నివేదికను పార్టీ కేంద్ర కమిటీ ఆమోదించిందని ప్రకటించాడు. దానితో చర్చ ముగిసింది. పైరు ఎలా పెరుగుతుందో పొలం చెప్పాలిగాని కమిటీ చెప్పకూడదనే చిన్న సత్యాన్ని ఎంతోమంది మేధావులు మరచిపోయారు.

ఆ రోజుల్లో బ్రిటిష్ కమ్యూనిస్టులలో ప్రముఖుడు జె.బి.ఎస్. హాల్డేన్. జన్యుశాస్త్రాన్నీ డార్విన్ సిద్ధాంతాన్నీ గణితంతో ముడివేసినవాడు. లైసెంకో విషయంలో ఆయన బహిరంగంగా ఖండించటానికి చాలాకాలం వెనుకాడాడు. చివరకు పార్టీకే దూరమైనాడు. 1957లో మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో కన్నుమూశాడు. వీలునామా ప్రకారం ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. మన విద్యార్థులు చదువుకోవటానికి చివరకు తన దేహాన్నే యిచ్చిన ఆ మనిషి తటపటాయింపును కూడా మనం చదువుకోవాలి. ఆయన మీది గౌరవం దానివల్ల తగ్గదు.

అదే 1948 సెప్టెంబరులో పారిస్ పత్రిక "కంబా"లో లైసెంకోను తీవ్రంగా విమర్శిస్తూ ఒక వ్యాసం వచ్చింది. రాసినవాడు జాక్ మొనో. నాజీలకు వ్యతిరేకంగా ప్రతిఘటన పోరాటంలో పాల్గొన్నవాడు, యుద్ధకాలంలో కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. మొనో పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. పరిసరాలు జన్యువులను ఎలా శాసిస్తాయనే ప్రశ్నకు మొదటి గట్టి సమాధానం చెప్పినవాడు లైసెంకో కాదు, ఈ మొనోయే.

4

మన పేగుల్లో ఒక సూక్ష్మజీవి కాపురం వుంటుంది. దానికి ద్రాక్ష చక్కెర దొరికినంతకాలం పాల చక్కెరను అరిగించే ఎంజైమును అది దాదాపు తయారు చెయ్యదు. ద్రాక్ష చక్కెర అయిపోయి పాల చక్కెర మాత్రమే మిగిలితే కొద్దిసేపు ఆగి, ఆ ఎంజైమును తయారు చెయ్యటం మొదలుపెడుతుంది. ఎక్కడినుంచి వచ్చింది ఈ విద్య? కొత్తగా నేర్చుకున్నదా?

ఫ్రాన్స్వా జాకబ్, మొనోలు 1961లో దీని గుట్టు విప్పారు. ఎంజైముకు కావలసిన జన్యువు మొదటినుంచీ సూక్ష్మజీవిలో వున్నది. దాని మొదట్లో ఒక ప్రోటీను తాళంలాగా కూర్చుని వుంటుంది. పాల చక్కెర లోపలికి వచ్చినప్పుడు ఆ తాళం వూడిపోతుంది, జన్యువు పనిలోకి దిగుతుంది. చక్కెర పోతే తాళం మళ్లీ పడుతుంది. అంటే పరిసరాలు జన్యువును తిరగరాయవు. దాన్ని చదవాలా వద్దా, ఎంతసేపు చదవాలి అనేదాన్ని శాసిస్తాయి. ఈ కృషికి జాకబ్, మొనో, ల్వోఫ్‌లకు 1965లో నోబెల్ బహుమతి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే సోవియట్ యూనియన్‌లో లైసెంకో పదవి నుంచి తొలగించబడ్డాడు.

మనవంటి జీవుల్లో ఈ ఏర్పాటు మరింత జటిలం. సాహిత్య విద్యార్థికి తాళపత్ర గ్రంథం ఎరుకే కనుక ఆ పోలికతోనే చెబుతాను. మన ప్రతి కణంలోనూ దాదాపు రెండు మీటర్ల పొడవైన డి.ఎన్.ఏ. వున్నది. కంటికి కనిపించని కణకేంద్రంలో ఇది ఇమడాలంటే హిస్టోనులనే ప్రోటీన్ల చుట్టూ గట్టిగా చుట్టుకోవాలి. కట్టు బిగించిన గ్రంథాన్ని ఎవరూ చదవలేరు. కట్టు వదులు చేస్తేనే ఆకు తెరుచుకుంటుంది. ఇదిగాక కొన్ని ఆకుల మీద "చదవవద్దు" అన్నట్టు చిన్న గుర్తులు పడతాయి. మిథైల్ అనే గుంపు, ఒక కర్బన పరమాణువూ మూడు ఉదజని పరమాణువులూ కలిసినది, డి.ఎన్.ఏ.కు అంటుకోవటమే ఆ గుర్తు. కాలేయ కణంలోనూ నరాల కణంలోనూ వున్నది ఒకే గ్రంథం. ప్రోటీన్లను తయారుచేసే సుమారు ఇరవై వేల జన్యువులూ రెంటిలోనూ వున్నాయి. విప్పిన ఆకులు వేరు కనుక కణాలు వేరయినాయి.

అక్షరం మారకుండా పఠనం మారటాన్ని గురించిన శాస్త్రమే ఎపిజెనెటిక్స్. ఈ పేరు 1942లో వాడింగ్టన్ పెట్టినది. కణం రెండుగా చీలినప్పుడు మిథైల్ గుర్తులు కూడా నకలు కాగలవని 1975లో హాలిడే, రిగ్స్ విడివిడిగా ప్రతిపాదించారు. అందుకే కాలేయ కణానికి కాలేయ కణమే పుడుతుంది. కాని ఒక మనిషి నుంచి మరొక మనిషి పుట్టేటప్పుడు, బీజకణాలు తయారయ్యే దశలోనూ పిండం తొలి దశలోనూ ఈ గుర్తుల్లో అధికభాగం చెరిగిపోతాయి. గ్రంథం కొత్త పాఠకునికి దాదాపు శుభ్రంగా అందుతుంది. ఈ వాక్యాన్ని మన రెండో విద్యార్థి గుర్తుపెట్టుకోవాలి.

5

మిథైల్ గుంపులు గాలిలోనుంచి రావు, తిండిలోనుంచి రావాలి. వాటిని కణానికి అందించే పనిలో ఫోలిక్ ఆమ్లానికీ బి12 విటమినుకూ పెద్ద పాత్ర వున్నది. ఇక్కడ మన భీమవరం మనిషి కథ వస్తుంది.

1928లో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయి వచ్చి, నూలు మిల్లుల్లో పనిచేసే గర్భిణులను పీడించే ఒక రక్తహీనతను పరిశీలించింది. ఇనుము యిచ్చినా తగ్గనిది, ఈస్టు సారం యిస్తే తగ్గిపోయింది. కూలి స్త్రీల పళ్లెంలో లేని ఏదో ఒక పదార్థం ఆ సారంలో వున్నదని 1931లో ఆమె రాసింది. అదే ఫోలిక్ ఆమ్లమని తరవాత తేలింది. 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందానికి నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టినవాడు. స్ప్రూ వ్యాధి ఆయన సోదరుణ్ణి బలి తీసుకున్నది, ఆయనను కూడా పీడించింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు తెల్ల ఆచార్యుని ఆగ్రహానికి గురై, పెద్ద పట్టా దక్కక, అమెరికా చేరాడు. ఆయన సంపాదించి పెట్టిన ఫోలిక్ ఆమ్లం తరవాత ఆ స్ప్రూకే మందయింది. లైసెంకో మాస్కోలో విజయం ప్రకటించిన ఒకటి రెండు రోజుల్లోనే, 1948 ఆగస్టులో, సుబ్బారావు న్యూయార్కులో నిద్రలోనే చనిపోయాడు. పరిసరాలు దేహాన్ని మారుస్తాయని వేదికల మీద గర్జించినవాడు ఒకరు. ఆ మార్పులో పాలుపంచుకునే పదార్థాన్ని సీసాలో చూపించినవాడు ఇంకొకరు.

2003లో అమెరికాలో వాటర్లాండ్, జర్టిల్ అనే శాస్త్రవేత్తలు ఒక జాతి చుంచులకు గర్భకాలంలో ఫోలిక్ ఆమ్లం, బి12 వగైరాలు అదనంగా పెట్టారు. పసుపు బొచ్చుతో వూబకాయంతో పుట్టే ఆ జాతిలో గోధుమ రంగు పిల్లల పాలు పెరిగింది. జన్యువులో ఒక్క అక్షరం మారలేదు. మిథైల్ గుర్తులు పెరిగాయి, అంతే.

6

చుంచుల సంగతి సరే, మనుషుల మాటేమిటి? దీనికి హైదరాబాదులోనే ఒక సాక్ష్యం వున్నది.

కూనూరులో 1918లో మొదలైన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదు తార్నాకకు తరలివచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. సమగ్ర శిశు అభివృద్ధి పథకం, అనగా అంగన్‌వాడీ పథకం, 1975 అక్టోబరు 2న ఆరంభమై మండలం తరవాత మండలంగా విస్తరిస్తూ వచ్చింది. 1987 నాటికి నగరం దాపుల పల్లెల్లో కొన్నిటికి చేరింది, పక్కనే వున్న కొన్నిటికి ఇంకా చేరలేదు. ఈ ఎగుడుదిగుడే ప్రయోగమయింది. 1987 నుంచి 1990 వరకు, మొత్తం 29 గ్రామాలు. పథకం అందిన 15 గ్రామాల్లో గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ రోజుకు సుమారు 500 కేలరీలు, ఆరేళ్లలోపు పిల్లలకు సుమారు 300 కేలరీలు వచ్చేటట్లు మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా పెట్టారు. మిగతా 14 గ్రామాల్లో అది లేదు.

2003–05లో, ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక, సంజయ్ కిన్రా, కె.వి. రామేశ్వర శర్మ మొదలైనవారు తిరిగి వెళ్లి 1165 మందిని పరీక్షించారు. ఫలితాలు 2008లో ప్రచురించారు. ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు వున్నారు. మధుమేహానికి దారితీసే ఇన్సులిన్ నిరోధకత వారిలో 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసు కూడా కొద్దిగా తక్కువ. రక్తపోటులోనూ కొవ్వులోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

14 మిల్లీమీటర్లంటే ఒక వేలి మందం. చూడటానికి స్వల్పం. కాని ఒక పూట ఉప్మా పదిహేనేళ్ల తరవాత కూడా ఒక కూలివాని బిడ్డ నెత్తుటిలో కనిపిస్తున్నదంటే అది స్వల్పం కాదు. అయితే మనం కక్కుర్తి పడకూడదు. ఆ పరిశోధన కొలిచింది ఎత్తునూ ఇన్సులిన్‌నూ నాళాలనూ, మిథైల్ గుర్తులను కాదు. గ్రామాలను చీటీలు వేసి ఎంచలేదు కూడా. అది చెప్పినంతవరకే చెప్పించాలి.

గుర్తులను కొలిచిన సాక్ష్యం హాలండు నుంచి వస్తుంది. 1944–45 చలికాలంలో నాజీల దిగ్బంధం వల్ల అక్కడ కరువు వచ్చింది. ఆ కరువులో గర్భాన పడిన 60 మందిని వారి తోబుట్టువులతో పోల్చి, అరవై ఏళ్ల తరవాత కూడా పెరుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీద మిథైల్ గుర్తులు తక్కువగా వున్నాయని 2008లో కనుగొన్నారు. దీన్ని చదివి సంబరపడేవారు లెనిన్‌గ్రాడ్‌ను కూడా చదవాలి. 1941–44 ముట్టడిలో తల్లి గర్భాన ఆకలికి గురైన వారిని పెద్దయ్యాక పరీక్షించి 1997లో ఫలితాలు ప్రకటించారు. మధుమేహ లక్షణాల్లో తేడా కనిపించలేదు. ముట్టడి తరవాత కూడా అక్కడ తిండి ఒక్కసారిగా పెరగకపోవటం దీనికి కారణం కావచ్చునని కొందరి వివరణ. ఆకలి ప్రభావం కూడా దాని ముందు వెనకల మీద ఆధారపడి వుంటుంది. ఒక్క కారణం, ఒక్క ఫలితం అనే యాంత్రిక సూత్రం ఇక్కడ పనిచెయ్యదు.

7

ఇప్పుడు కొత్త తలరాతలు పుట్టుకొస్తున్నాయి. మనం జాగ్రత్తపడవలసింది వీటి విషయంలోనే.

మొదటిది మన వైపునుంచి వచ్చేది. 1876–78 ధాత కరువు రాయలసీమనూ దక్కనునూ ఊచకోత కోసింది. సహాయ శిబిరాల్లో చాకిరీ చేసే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునని రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. బీదవాడు ఎంత తక్కువతో బతకగలడో కొలవటం పాలకులకు పాత అలవాటే. ఆ కరువు ముద్రే ఇవాళ మన జనంలో మధుమేహమై కనిపిస్తున్నదని ఆవేశంగా రాసేవారున్నారు. వినటానికి ఇది సామ్రాజ్యవాదం మీద గొప్ప అభియోగం. కాని నాలుగైదు తరాల కింది ఆకలి మనుషుల్లో మిథైల్ గుర్తులుగా దిగివచ్చిందనటానికి రుజువు లేదు. టెంపుల్ చేసిన హత్యలు అతన్ని దోషిగా నిలబెట్టటానికి చాలు, జీవశాస్త్రం చేత దొంగసాక్ష్యం చెప్పించనక్కరలేదు. పైగా, "మీ తాత ఆకలి మీలో చెరగని రాత" అంటే మళ్లీ తలరాత దగ్గరికే వచ్చినట్టు.

రెండోది సంప్రదాయవాదుల నుంచి వచ్చేది. అభిమన్యుడు గర్భంలోనే పద్మవ్యూహం విన్నాడని మన జనం చెప్పుకొనే కథను చూపించి, ఎపిజెనెటిక్స్ మనకు ఏనాడో తెలుసునంటారు. గర్భిణులకు శ్లోకాల పాఠాలు రుసుము పుచ్చుకుని చెబుతారు. మన పల్లెల్లో ఎందరో తల్లుల గర్భాల్లోకి చేరింది పద్మవ్యూహం కాదు, గంజి నీళ్లు. బిడ్డకు చేటు జరిగితే "నువ్వేం తిన్నావు, ఏం ఆలోచించావు" అని తల్లినే నిలదీసే ధోరణి కూడా దీనితోనే వస్తుంది. ఆమె ఏం తిన్నదీ ఆమె కూలి నిర్ణయించింది. ఆమె కూలిని ఆమె నిర్ణయించలేదు.

8

ఇప్పుడు ఆ ఇద్దరు విద్యార్థులకూ జవాబు చెప్పగలననుకుంటాను.

మొదటివానితో: నాయనా, జన్యువు వున్నది. దాన్ని కాదనలేము. కాని అది శాసనం కాదు, గ్రంథం. దాన్ని చదివించేవి తిండి, నీరు, శ్రమ, భయం, భద్రత. వీటిని పంచేది సమాజం. కర్ణుణ్ణి అడగవలసిన ప్రశ్న కులమేమిటని కాదు, నీకు విల్లు ఎవరు అందనిచ్చారు, ఎవరు అందనివ్వలేదు అని.

రెండోవానితో: లైసెంకో గెలవలేదు. జన్యువే లేదన్న అతని మాటను ఎపిజెనెటిక్స్ పూర్తిగా కొట్టివేస్తుంది, ఎందుకంటే జన్యువు లేనిదే దాని నియంత్రణ లేదు. పరిసరాల పాత్రను రుజువు చేసినవారు పరిసరాల పేరుతో జరిగిన మోసాన్ని ఎదిరించినవారే. రుజువుకు తలవంచటం భౌతికవాది బలహీనత కాదు, అతని మొదటి లక్షణం. మన వాదానికి తరతరాల ముద్రలు అవసరం లేదు. ఈ తరంలో, ఈ గర్భంలో, ఈ పూట తిండి చాలు.

ఆ తిండి ఎలా వున్నది? తెలంగాణలో 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి పథకం మొదలయింది. గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలో రోజుకు ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, పాలు పెట్టాలన్నది దాని లక్ష్యం. దాన్ని వండి వడ్డించే స్త్రీలను ప్రభుత్వం ఉద్యోగులుగా లెక్కించదు. వారికి యిచ్చేది జీతం కాదట, "గౌరవ వేతనం". వారికి గ్రాట్యుటీ హక్కు వున్నదని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చింది. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలూ సహాయకులూ సమ్మెకు దిగి 42 రోజులు వీధుల్లో నిలిచారు. ప్రభుత్వం వారి మీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. ఒక విధంగా ఆ చట్టమే నిజం ఒప్పుకున్నది: వారిది అత్యవసర సేవే. జీతం దగ్గర మాత్రమే అది సేవ అవుతున్నది.

హైదరాబాదు పక్క పల్లెల్లో పదిహేనేళ్ల తరవాత లెక్కకు వచ్చిన ఆ 14 మిల్లీమీటర్లు ఏ బ్రహ్మా రాసినవి కావు. అంగన్‌వాడీల్లో రోజూ ఉప్మా పెట్టిన చేతులు రాసినవి. ఎపిజెనెటిక్స్ గురించి మాట్లాడదలచుకున్న అభ్యుదయ రచయితలు ముందుగా ఆ చేతుల గురించి రాయాలి.